పిట్టగోడ దాటిన కొమ్మ

దొండపాదుకు విత్తనం కోసం వెతికేవాళ్ళు తెలుగు ఊళ్ళలో కనిపించరు. పక్కింట్లో పందిరి ఉంటే చాలు. జానెడు ముదురు తీగ కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా పాతి, చెంబెడు నీళ్ళు పోస్తే కొద్ది రోజుల్లోనే చిగురు తొంగిచూస్తుంది. ఇచ్చినవాళ్ళకు పోయేదేమీ లేదు. పుచ్చుకున్నవాళ్ళకు నెలల తరబడి వేపుడూ పచ్చడీ. పిట్టగోడ మీదుగా చేతులు మారే మొక్కల్లో దీనంత మంచి పేరున్నవి కొద్దే.

ఈ దొండపాదే హవాయి దీవుల్లో హానికర కలుపు మొక్కల జాబితాలో ఉంది. 1960ల చివర్లో హొనొలులు నగరంలో ఇది బయట పెరుగుతున్నట్టు మొదట గుర్తించారు. ఆసియా నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు కూర కోసం పెరట్లో వేసుకున్న తీగ అది. ఎర్రగా పండిన దొండపళ్ళను పిట్టలు తిని గింజల్ని ఎక్కడెక్కడో రాల్చాయి. కోసి పారేసిన తీగ ముక్కలు పడ్డచోటల్లా వేళ్ళు పట్టాయి. చూస్తుండగానే కంచెలూ, కరెంటు స్తంభాలూ, నిలువెత్తు చెట్లూ ఆకుపచ్చ దుప్పటి కింద మాయమయ్యాయి. కింది చెట్లు ఎండ అందక చచ్చిపోయేవి. చివరికి కెన్యా నుంచి దొండతీగను తొలిచే ఒక రెక్కల పురుగును తెచ్చి, దానివల్ల వేరే పంటలకు ప్రమాదం లేదని పరీక్షించి, 1996లో హవాయిలో వదిలారు. ఆ తర్వాత ముక్కుపురుగులనూ వదిలారు.

తీగ అదే, కాయ అదే. ఆఫ్రికా నుంచి మన దాకా దొండ పుట్టి పెరిగిన నేలల్లో దాని ఆకు తినే పురుగులూ, కాయ తొలిచే ఈగలూ, కాండాన్ని ఉబ్బించే తెగుళ్ళూ దానితోపాటే పెరిగాయి. సముద్రం దాటి వెళ్ళిన తీగ ముక్కతో అవేవీ ప్రయాణం చేయలేదు. అడ్డు చెప్పేవాళ్ళు లేని ఇంట్లో పెరిగిన పిల్లాడిలా అది చెలరేగింది.

తెలుగువాళ్ళు ఈ కథను వింతగా వినాల్సిన పనిలేదు. ఇదే కథ తిరగేసి మన పొలిమేరల్లో, చెరువుల్లో, అడవుల్లో రెండు వందల ఏళ్ళకు పైగా నడుస్తోంది. వయ్యారిభామ లాంటి కొన్ని కలుపు మొక్కలు పిలవకుండా వచ్చాయి. 1950ల మధ్యలో పుణెలో వృక్షశాస్త్రజ్ఞుల కంటపడిన ఆ మొక్కను ఎవరూ ముచ్చటపడి పెంచలేదు. కానీ మనల్ని ఎక్కువ బాధపెట్టిన మొక్కల్లో చాలావాటికి మనుషులే పిలుపు అందించారు. పువ్వు బాగుందని కొన్నింటిని, కంచెకు పనికొస్తుందని కొన్నింటిని, కొలనుకు అందం వస్తుందని కొన్నింటిని తెచ్చి, నీళ్ళుపోసి పెంచి, అడిగినవాళ్ళకల్లా కొమ్మ విరిచి ఇచ్చారు. ఇంటి తోటలో ఏది పెంచాలి, ఏది పెంచకూడదు అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఆ కొమ్మల వెంట కొంత దూరం నడవాలి.

నాగజెముడు పేరు వింటే అది తాతముత్తాతల నాటిదేననిపిస్తుంది. పడగ విప్పిన పాములా ఉండే మట్టను చూసి మనవాళ్ళు ముందు ‘నాగ’ అన్నారు. ‘జెముడు’ అన్న ఇంటిపేరు మాత్రం మన నేలమీద ఉన్న పాలజెముళ్ళది. తుంచితే పాలు కారే ఆ మొక్కలకూ దీనికీ రక్తసంబంధం లేదు. నాగజెముడు జాతి మొత్తం పుట్టిల్లు అమెరికా ఖండాలు. ఓడల్లో వచ్చిన ఆ అతిథికి తెలుగు నోళ్ళు ఎంత సొంతంగా పేరు పెట్టుకున్నాయంటే, ఇప్పుడు దాన్ని విదేశీ మొక్క అంటే నమ్మడం కష్టం.

ఆ రాకడ వెనక ఎర్ర రంగు ఉంది. మెక్సికోలో నాగజెముడు మట్టల మీద బతికే ఒక చిన్న పురుగును ఎండబెట్టి నూరితే చిక్కటి ఎరుపు వస్తుంది. దాని పేరు కోచినీల్. ఒక పౌను రంగు కోసం దాదాపు 70,000 పురుగులు కావాలి. యూరప్‌లో రాజుల అంగీలకూ, బ్రిటిష్ సైనికాధికారుల ఎర్ర కోట్లకూ ఆ రంగే. వ్యాపారమంతా స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. దాన్ని విడిపించాలని ఈస్టిండియా కంపెనీ ఆరాటపడింది. మద్రాసులో కంపెనీ పెద్ద వైద్యుడిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ 1786లో ఇక్కడి గడ్డి మీద అలాంటి పురుగొకటి కనిపించిందని లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరాలు రాశాడు. అది అసలు కోచినీల్ కాదని తేలింది. అయినా ఆయన పట్టు వదల్లేదు. పురుగు దొరికేలోపు దాని మేత సిద్ధంగా ఉండాలని మద్రాసు పక్కన సైదాపేటలో నాగజెముళ్ళ తోటే వేయించాడు. ఆ తోట నుంచి మొక్కలు వేరే చోట్లకూ వెళ్ళాయి.

1795లో నీల్సన్ అనే ఓడ కెప్టెన్ రియో డి జనీరో నుంచి కొన్ని పురుగుల్ని కలకత్తాకు చేర్చాడు. అవి నాసిరకానివి, మంచి రంగు ఇవ్వలేదు. మేలు రకం తెచ్చినవాళ్ళకు కంపెనీ 2,000 పౌన్ల బహుమతి ప్రకటించినా ఆశ తీరలేదు. అయితే ఆ నాసిరకం పురుగు మరో పని చేసింది. అప్పటికే కంచెలుగా అల్లుకున్న ఒక రకం నాగజెముడును ఆబగా తినేసింది. బెంగాల్లోనూ ఆ తర్వాత దక్షిణాదిలోనూ ఆ రకం కరిగిపోయింది. ఒక మొండి మొక్కను దాని సహజ శత్రువే అణచగలదని లోకానికి తొలిసారి కళ్ళకు కట్టిన ఘటన ఇదే. అదీ రంగు వ్యాపారానికి బయల్దేరి దారి తప్పిన ఫలితం.

పసుపు పూలు పూసి, ఎర్రటి పళ్ళు కాసే రెండో రకం నాగజెముడు జోలికి మాత్రం ఆ పురుగు పోలేదు. పశువులు దాటలేని కంచె అని రైతులు దాన్ని పొలం గట్ల మీద, పెరటి హద్దుల్లో నాటుకున్నారు. మట్ట విరిగి పడితే చాలు, అక్కడో మొక్క. పళ్ళు తిన్న పిట్టలు దూరంగా ఇంకో మొక్క. బీళ్ళూ పోరంబోకులూ ముళ్ళపొదలయ్యాయి. ఆ పొదల్లో పాములు చేరాయి. ఎర్రగా పండిన నాగజెముడు పండును నేలకేసి రుద్ది నూగుముళ్ళు రాల్చి, నాలుక ఎర్రబడేలా తిన్న పిల్లలకు అది తీపి జ్ఞాపకం. పొలం పోగొట్టుకున్న రైతుకు మాత్రం తీరని బెడద.

ఇదే మొక్క ఆస్ట్రేలియాలో చేసిన విధ్వంసం ముందు మన బెడద చిన్నది. అక్కడికీ తొలి నాగజెముళ్ళు 1788లో ఎర్ర రంగు ఆశతోనే వెళ్ళాయి. అసలు నష్టం చేసిన రకం మాత్రం ఒక కుండీలో వెళ్ళింది. 1839లో ఒక వైద్యుడు న్యూ సౌత్ వేల్స్‌లోని స్కోన్ ప్రాంతానికి దాన్ని తీసుకెళ్ళాడు. పూలు బాగున్నాయి, కంచెకు పనికొస్తుంది, కరువులో మేతకూ అక్కరకొస్తుంది. చుట్టుపక్కల పశువుల స్థావరాలవాళ్ళు తలో మట్టా అడిగి పట్టుకెళ్ళారు. మన ఊళ్ళలో మల్లెకొమ్మ అడిగినంత మామూలుగా సాగిన ఇచ్చిపుచ్చుకోలు అది. 1925 నాటికి నాగజెముడు ఆరు కోట్ల ఎకరాలు ఆక్రమించింది. ఇళ్ళూ పొలాలూ వదిలేసి వెళ్ళిన కుటుంబాలెన్నో. నరికితే ముక్కలు మొలిచేవి. విషం చల్లితే భూమి విలువ కన్నా విషం ఖరీదు ఎక్కువయ్యేది.

క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 1912లో ఇద్దరు శాస్త్రజ్ఞులను ప్రపంచమంతా తిరిగి శత్రువును వెతికి పట్టుకురమ్మని పంపింది. వాళ్ళు భారత్‌కూ సింహళానికీ వచ్చారు. ఇక్కడ నాగజెముడును తిన్న ఆ నాసిరకం పురుగును పంపిస్తే, అక్కడ ఒక రకం జెముడును అది తుడిచిపెట్టింది. అసలు మొండి రకానికి మాత్రం అర్జెంటీనా నుంచి 1925లో వెళ్ళిన ఒక చిన్న రెక్కల పురుగు మందయింది. తీసుకెళ్ళింది సుమారు 2,750 గుడ్లే. వాటి సంతానాన్ని కోట్లలో పెంచి ఊరూరా పంచారు. 1933 కల్లా నాగజెముడు అడవి కుళ్ళిన ముద్దలై కూలిపోయింది. బూనార్గా అనే చోట కృతజ్ఞతతో ఆ పురుగు పేరుతోనే ఊరి సమావేశ మందిరం కట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉంది.

అక్కడ ఆ పని ఇంకా సాగుతుండగానే, 1926లో సింహళం నుంచి మరో రకం కోచినీల్ పురుగును మన దేశానికి తెచ్చారు. ఐదారేళ్ళలో దక్షిణ భారతంలో సుమారు 40,000 హెక్టార్లలో, అంటే లక్ష ఎకరాల్లో నాగజెముడు ఎండిపోయింది. ఇప్పటికీ ఎక్కడైనా పాత నాగజెముడు పొద కనిపిస్తే దగ్గరగా చూడాలి. మట్ట మీద అక్కడక్కడా దూది ముద్దలు అంటించినట్టు తెల్లటి మచ్చలుంటాయి. ఒక ముద్దను గోటితో నొక్కితే వేలు మొత్తం పారాణి పెట్టినట్టు ఎర్రబడుతుంది. కంపెనీ వెతికిన ఎరుపూ, రైతును గట్టెక్కించిన పురుగూ ఆ వేలి కొనమీదే ఉంటాయి.

కంచెది ఒక కథ, కొలనుది మరొకటి. గుర్రపుడెక్క పువ్వును అరచేతిలో పెట్టుకుని చూసిన వాళ్ళకు దాన్ని ప్రపంచమంతా ఎందుకు మోసుకెళ్ళారో వేరే చెప్పక్కర్లేదు. లేత ఊదారంగు రేకులు ఆరు. పై రేకు మీద నీలం, నీలం మధ్యలో పసుపు చుక్క, అచ్చం నెమలికన్ను. ఆకు గుర్రం డెక్క ఆకారంలో నున్నగా మెరుస్తుంది. ఉబ్బిన కాడను అడ్డంగా కోస్తే లోపలంతా తేనెపట్టులాంటి గాలి గదులు. ఆ గాలి బలంతోనే మొక్క నీటి మీద తేలుతుంది, ప్రవాహం ఎటు తోస్తే అటు పోతుంది. పక్కకు సన్నని పిలక సాగదీసి, దాని చివర మరో మొక్కను కంటుంది. అనువైన నీళ్ళలో రెండు వారాలు తిరిగేసరికి మొక్కల సంఖ్య రెట్టింపవుతుంది. విత్తనాలు బురదలో ఇరవై ఏళ్ళు నిద్రపోయి కూడా లేవగలవు.

దీని పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. 1884-85లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన పత్తి ప్రదర్శనలో జనం దీన్ని మోజుగా ఇళ్ళకు పట్టుకెళ్ళి తొట్లలో, కొలనుల్లో వేసుకున్నారన్నది ఎక్కువగా చెప్పుకునే కథ. 1890 ప్రాంతంలో ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నది ఒడ్డున ఒక ఇంటి కొలనులో మొక్కలు ఎక్కువైపోతే తీసి నదిలో వేశారు. పూలతో నది అందంగా ఉంటుందన్నదే ఆలోచన. పదేళ్ళు కూడా తిరగలేదు, స్టీమర్లు కదలడం మానేశాయి. 1899లో అమెరికా కాంగ్రెస్ ఈ మొక్కల్ని తొలగించే పనిని సైన్యపు ఇంజనీర్లకు అప్పగించాల్సి వచ్చింది. 1910లో లూయిసియానా ప్రతినిధి రాబర్ట్ బ్రౌసర్డ్ ఇంకో మెట్టెక్కి, గుర్రపుడెక్కను మేయడానికి ఆఫ్రికా నుంచి నీటిగుర్రాలను దిగుమతి చేసుకుందామని బిల్లు పెట్టాడు. మాంసం కొరతా తీరుతుందన్నాడు. బిల్లు గట్టెక్కలేదు. ఒక తోటపువ్వు దేశాన్ని ఏ స్థితికి తెచ్చిందో ఆ బిల్లే చెబుతుంది.

బెంగాల్‌కు ఇది 19వ శతాబ్దం చివర్లో తోటల మొక్కగానే చేరింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి తూర్పు బెంగాల్ నదులూ కాలువలూ దీనితో పూడుకుపోయాయి. జనం దానికి ‘జర్మన్ పానా’ అని శత్రుదేశం పేరు పెట్టుకున్నారు. పడవలు ఆగిపోయాయి, వరి మునిగింది, చేపలు చచ్చాయి. బర్మాలో 1917లోనే గుర్రపుడెక్క మీద చట్టం వచ్చింది. బెంగాల్‌లో 1921లో జగదీశ్ చంద్ర బోస్ అధ్యక్షతన సంఘం వేశారు. 1936లో గుర్రపుడెక్కను ఇంట్లోగానీ పొలంలోగానీ ఉంచుకోకూడదని చట్టం చేశారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో పార్టీలన్నీ దాన్ని నిర్మూలిస్తామని మాటిచ్చాయి. ఒక పూలమొక్క ఎన్నికల వాగ్దానంగా మారడం అంతకు ముందు ఎక్కడైనా జరిగిందా అంటే చెప్పడం కష్టం.

తెలుగు నేలకు వస్తే కృష్ణా డెల్టా కాలువల్లో వంతెనల దగ్గర, కొల్లేరులో, మూసీలో, హైదరాబాద్ చెరువుల్లో ఇది ఏటా కనిపించేదే. కాలువలకు నీళ్ళు వదిలేముందు దీన్ని తీయించడం, హైదరాబాద్ చెరువుల్లో యంత్రాలతో లాగించడం, మళ్ళీ పెరగడం, మళ్ళీ దోమలు. 1980ల తొలి ఏళ్ళలో దీన్ని తినే ముక్కుపురుగులను బెంగళూరుకు తెప్పించి వదిలారు. కొన్ని చెరువుల్లో బాగా పనిచేశాయి. మురుగునీరు కలిసే చెరువులో మాత్రం మొక్కకు తిండి ఎక్కువ, పురుగు తిన్నంత మేర మళ్ళీ చిగురిస్తుంది. మురుగు ఆపకుండా గుర్రపుడెక్కను మాత్రమే తిట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అలాగని మేడమీద తొట్టిలో తామరల పక్కన పెంచుకుంటున్న గుర్రపుడెక్కకు చోటివ్వడమూ మంచిది కాదు. తొట్టి కడిగిన నీళ్ళు కాలువలోకే పోతాయి. అందానికి మన కలువలు, తామరలు చాలవా?

పులికంప దారి వేరు. చాలామంది దాన్ని లాంటానా అనే పేరుతోనే ఎరుగుదురు. గుత్తిలో మధ్య మొగ్గలు విచ్చుకునేటప్పుడు పసుపు. ఒకటి రెండు రోజులు గడిచేసరికి అంచు పూలు నారింజకు, గులాబీకి, ఎరుపుకు తిరుగుతాయి. సీతాకోకచిలుకలు పసుపు పూలనే వెతుక్కుంటాయి, తేనె వాటిలోనే ఉంటుంది. ఆకు నలిపితే ఘాటైన వాసన, చేతికి గరుకుదనం. ఈ రంగులాటే యూరప్‌ను మురిపించింది. 17వ శతాబ్దంలో దక్షిణ అమెరికా నుంచి డచ్చివాళ్ళు పట్టుకెళ్ళిన మొక్కల్ని అద్దాల గదుల్లో పెంచి, ఒకదానితో ఒకటి సంకరం చేసి, వందలకొద్దీ కొత్త రకాలు పుట్టించారు. అలా అడవి మొక్క తోటల చేతుల్లో ఏ నేలకైనా సర్దుకుపోయే గుణాలు కూడగట్టుకుంది. 1809 ప్రాంతంలో కలకత్తా వృక్షోద్యానానికి వచ్చింది. అక్కడి నుంచి కంటోన్మెంట్ల బంగళాలకు, కొండల మీది కాఫీ తోటల హద్దులకు కంచెమొక్కగా పోయింది. ఆ శతాబ్దంలో అది మన దేశానికి ఒక్కసారి కాదు, వేర్వేరు చోట్లకు పలుమార్లు వచ్చింది.

నల్లగా నిగనిగలాడే దాని పళ్ళను పిట్టలు ఇష్టంగా తింటాయి. బంగళా కంచె నుంచి అడవికి అదే దారి. పశువులు ఆకు తింటే కాలేయం దెబ్బతిని, ఎండకు చర్మం పగిలి చచ్చిపోతాయి. అందుకే మేకలూ గొర్రెలూ దాని జోలికి పోవు, చుట్టుపక్కల గడ్డిని మాత్రం నున్నగా మేస్తాయి. గడ్డి ఉన్నచోట పులికంప వస్తే జింకకు మేత ఉండదు. జింక లేనిచోట పులికి తిండి ఉండదు. అడవిలో మంట వచ్చినప్పుడు ఎండిన పులికంప దాన్ని చెట్ల తలల దాకా ఎక్కిస్తుంది. పులుల లెక్క సందర్భంగా సేకరించిన సమాచారంతో 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పులులుండే మన అడవుల్లో నలభై శాతానికి పైగా, అంటే సుమారు 1,54,000 చదరపు కిలోమీటర్ల మేర ఇది పాకి ఉంది. నల్లమలలో నడిచినవాళ్ళ చొక్కాలకు దాని ముళ్ళు కొత్త కాదు.

హవాయిలో దీన్ని అణచడానికి 1902లోనే మెక్సికో నుంచి పురుగులు పంపారు. మన దేశంలోకీ పురుగులు వచ్చాయి. నాగజెముడు మీద దక్కిన గెలుపు ఇక్కడ దక్కలేదు. తోటల్లో సంకరమై పుట్టిన అన్ని రకాలనూ ఒక్క పురుగు తినలేదు. దానికి పనికొచ్చే మందు మనిషి చేతిపనే. నరికితే మోడు చుట్టూ పది కొమ్మలు లేస్తాయి కాబట్టి, మట్టిని కాస్త తవ్వి, మొదలుకు కొంచెం కింద ప్రధాన వేరును కోసి, మొక్కను తలకిందులుగా పెట్టాలని ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు సి.ఆర్. బాబు బృందం చూపించింది. అడవికే కాదు, ఇంటి ప్రహరీ పక్కన పెరిగిన ఒక్క పొదకూ అదే పద్ధతి. పళ్ళు నల్లబడకముందే చేయాలి.

కర్ణాటక, తమిళనాడు సరిహద్దు కొండల్లో సోలిగలు, బెట్ట కురుంబలు వంటి ఆదివాసులు దాని కాండాలను ఉడకబెట్టి బెరడు తీసి కుర్చీలూ బల్లలూ అల్లుతున్నారు. నీలగిరుల్లోని గూడలూరు దగ్గర వాళ్ళ చేతుల్లోనే పులికంప నిలువెత్తు ఏనుగులైంది. 2021లో ఆ ఏనుగుల మంద లండన్ పార్కుల్లో నిలబడింది, 2024లో అమెరికా తీరానికి వెళ్ళింది. ఒకప్పుడు యూరప్ అద్దాల గదుల నుంచి వచ్చిన మొక్క అడవి ఏనుగు రూపంలో అక్కడికే తిరిగి వెళ్ళడం చూసిన వాళ్ళకు ఆ చేతులమీద గౌరవం కలిగి తీరుతుంది.

ఇక సర్కారు తుమ్మ. దాని పేరే దాని జాతకం. 1876లో మద్రాసు రాజధానిలో అడవుల అధికారి కర్నల్ బెడ్డోమ్, మెట్ట నేలల్లో పెరిగి వంటచెరకు ఇచ్చే ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని రాశాడు. 1877లో జమైకా నుంచి విత్తనాలు వచ్చాయి. ధాత కరువు కడప సీమను కాల్చేస్తున్న రోజులవి. తొలి మొక్కలు వేసిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. కరువు నేలలో పొయ్యి వెలిగించిన చెట్టు, బొగ్గు కాల్చుకుని బతికిన వేల కుటుంబాలకు ఆధారమైన చెట్టు అది. ఆ మేలు చెప్పకపోతే అన్యాయం. తీపి కాయలు తిన్న మేకలూ పశువులూ గింజల్ని పేడతో చెరువు గర్భాల్లోకి, బీళ్ళలోకి చేర్చాయి. నరికి కంచెకు వేసిన కంప నుంచి కూడా కాయలు రాలాయి. చెరువు శిఖం మీద అది దట్టంగా అల్లుకున్న ఊళ్ళు రాయలసీమలోనూ పల్నాడులోనూ ఎన్నని లెక్కపెట్టాలి? పశువులు ముట్టవని కంచెకు నాటుకున్న లొట్టపీసుదీ అదే తీరు. గట్టున నాటిన ఒక్క కొమ్మ చెరువంతా దిగుతుంది.

ఇన్ని కథలు విన్నాక విదేశీ మొక్క ఏదైనా సరే పీకేయాలనిపించవచ్చు. అది తొందరపాటు. మిరప, టమాటా, జామ, సీతాఫలం, బంతి, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. బంతి దండలేని తెలుగు గుమ్మం లేదు. ఐక్యరాజ్యసమితి ప్రోద్బలంతో ఏర్పడిన అంతర్జాతీయ జీవవైవిధ్య వేదిక 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనుషుల వల్ల కొత్త చోట్లకు చేరి స్థిరపడిన జీవజాతులు 37,000 పైచిలుకు. వాటిలో హాని చేస్తున్నవి 3,500 పైచిలుకు. మొక్కల్లో అయితే కొత్త నేలకు చేరిన నూటికి ఆరు మాత్రమే అలా చెలరేగుతాయి. వచ్చిన చిక్కల్లా ఆ ఆరు ఏవో నర్సరీ చీటీ మీద రాసి ఉండకపోవడమే.

వాటిని గుర్తుపట్టే లక్షణాలు పైకథల్లోనే ఉన్నాయి. పిట్టలు తినే పళ్ళు కాస్తుందా? తెగిపడిన ముక్క దానంతటదే వేళ్ళు పడుతుందా? నీటి మీద తేలిపోతుందా? గాలికి గింజ ఎగురుతుందా? పశువులూ పురుగులూ ముట్టని మొక్కా? వేరే దేశంలో అది ఇప్పటికే బెడదగా పేరు పడిందా? వీటిలో రెండు మూడింటికి అవునని జవాబొస్తే, ఆ మొక్క ఎంత అందంగా ఉన్నా ప్రహరీ లోపలికి రానివ్వకపోవడమే మేలు. ‘మా ఇంట్లో కుండీలోనేగా’ అనడానికి లేదు. స్కోన్‌కు వెళ్ళింది కుండీలోనే.

గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి నర్సరీల నుంచి దేశమంతటికీ లారీల మీద మొక్కలు వెళతాయి. అంటు కట్టడంలో ఆ చేతులకున్న నేర్పు తరాలది. కొనేవాళ్ళు ఏది అడిగితే అవి అదే పెంచుతాయి. కోనోకార్పస్ మోజు దానికి దగ్గరి ఉదాహరణ. ఎర్రసముద్రపు తీరాల చెట్టు అది. ఎండకు వాడదు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. రోడ్ల మధ్య, అపార్ట్‌మెంట్ల ప్రహరీల వెంట, తెలంగాణ హరితహారం వరసల్లో కొన్నేళ్ళలోనే నిండిపోయింది. వేళ్ళు పైపుల్లో దూరుతున్నాయని, పుప్పొడితో ఊపిరి ఇబ్బందులని ఫిర్యాదులు వచ్చాయి. 2023 సెప్టెంబరులో గుజరాత్ దాన్ని నాటడం నిషేధించింది. పుప్పొడి గురించిన భయాలకు తగిన ఆధారాలు ఉన్నాయా అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. పెరిగిన చెట్లను ఒక్కసారిగా నరికేయడం కన్నా, కొత్తవి నాటడం ఆపి మెల్లగా వేరే చెట్లకు చోటివ్వడం న్యాయం. నాటేముందు ఎవరూ అడగని ప్రశ్నల్ని నరికేటప్పుడైనా అడగాలి.

కంచె కావాలంటే మన దగ్గర కొరతేమీ లేదు. వావిలి గుబురుగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, జలుబుకు దాని ఆకు వేసి ఆవిరి పట్టుకోవచ్చు. అడ్డసరం తెల్లగా పూస్తుంది, దగ్గుకు మందు. మెట్ట నేలలో తంగేడు నీళ్ళడగదు, బతుకమ్మకు గుమ్మంలోనే పువ్వు దొరుకుతుంది. దొంగ రాకూడదనుకుంటే గచ్చపొద ఉండనే ఉంది, దాని ముళ్ళను దాటి వచ్చేవాడు అరుదు. వీటిని తినే పురుగులూ వీటి మీద వాలే పిట్టలూ ఇక్కడివే కాబట్టి హద్దు వాటంతటవే చూసుకుంటాయి.

ఇచ్చేవాళ్ళ వంతు కూడా కొంత ఉంది. అమెరికాలో కాపురముండే తెలుగువాళ్ళకు తూటికూర మీద బెంగ ఉండొచ్చు. మన చెరువుల్లో దానంతటదే పెరిగే ఆ ఆకుకూర అక్కడి ఫెడరల్ ప్రభుత్వపు హానికర కలుపుల జాబితాలో ఉంది. ఫ్లోరిడా నదుల్లో అది చేయగల పని, మన చెరువుల్లో గుర్రపుడెక్క చేసిన పనికి తక్కువేమీ కాదు. హవాయికి వెళ్ళే ప్రయాణికులు మొక్కలు, విత్తనాలు, పళ్ళు వెంట ఉంటే చెప్పాలని అక్కడి నిబంధన. రాజమండ్రిలోనో నల్గొండలోనో ఒక తల్లి, కూతురు పెట్టెలో ఆవకాయ సీసా పక్కన, తడిగుడ్డలో చుట్టిన జానెడు దొండతీగ పెడుతూ ఉంటుంది. కూతురు దాన్ని బయటికి తీసి, పందిరి పక్కనే మళ్ళీ పాతి, చెంబెడు నీళ్ళు పోసి బయల్దేరుతుంది. వచ్చే వేసవికి సెలవుల్లో తిరిగొచ్చేసరికి అది పందిరెక్కి కాయలు కాస్తూ ఉంటుంది.